వరదానం చదివిన పదకొండు పుస్తకాలు

"నీకు బుద్ధుందేటి, తాతబ్బాయ్? హత్య ఎవుడు సేసేడో ఆఖరి పేజీలో ముందే సూసీసి, అప్పుడు మొదట్నించి సదువుతావా? కడుపు నిండా తినీసి ఆకలి కోసం ఎతుక్కున్నట్టుంది నీ యవ్వారం. రాసినాయన నెలల తరబడి కూకుని ముడేసింది నువ్వు గోటితో తెంపీడానికేటి? పుస్తకానికీ ఓ మర్యాదుంటాదిరా. అది తెలీనప్పుడు ఆటో తోలుకో, పుస్తకం ముట్టుకోకు."

వరదానం అలా కోప్పడుతుంటే తాతబ్బాయి ఖాకీ చొక్కా గుండీ తిప్పుకుంటూ తల దించుకున్నాడు. తప్పు అతనిదే. స్టేషను ముందు ఆటోలో కూర్చుని పాసింజరు బండి కోసం కాచుకునే వేళ డిటెక్టివ్ నవలలు చదవడం అతని అలవాటు. బండి వచ్చేస్తే కథ సగంలో ఆగిపోతుందని భయపడి ఆఖరి పేజీ ముందే చూసేస్తాడు. అది మంచి అలవాటు కాదు. అయితే ఆ సాయంత్రం ఆ అరుగు మీద అంతకంటే పెద్ద తప్పు చేస్తున్నది తిట్లు తింటున్నవాడు కాదు, తిడుతున్నవాడు.

అది రెండు వేల నాలుగు, ఫిబ్రవరి మొదటి ఆదివారం. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు రెండు వీధుల ఇవతల నూకరత్నం ఇల్లు. ముందు గదిలో రెండు బీరువాలు పెట్టి ఆమె పుస్తకాలు అద్దెకిస్తుంది. ఆదివారం నాలుగింటికి చదివేవాళ్ళంతా పాత పుస్తకం తెచ్చిచ్చి కొత్తది పట్టుకెళతారు. వెళ్ళేముందు అరుగు మీద కూర్చుని టీ తాగుతారు. ఏది బాగుందో, ఏది దండగో ఒకరికొకరు చెప్పుకుంటారు. కొత్త బెల్లం దిగే రోజులు కావడంతో గాలి ఎటు తిరిగినా తియ్యగానే ఉంది. ఎండ కూడా బలం లేకుండా, కునుకు తీస్తున్న పిల్లిలా అరుగు మీద పడి ఉంది. అలాంటి వేళ మనిషికి ఏం విన్నా నిజమే అనిపిస్తుంది.

గుమ్మం పక్కన చిన్న బీరువాకు వీపు ఆనించి సుజి కూర్చుంది. ఇంటరు మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల. ఆమె ముందున్న టీ గ్లాసు మీద మీగడ కట్టింది. తాగాలన్న ధ్యాస లేదు.

ఆ చిన్న బీరువా పై అరలో పదకొండు పుస్తకాలున్నాయి. పిల్లతనం దాటి, పెద్దతనం ఇంకా అందని వయసు వాళ్ళ కోసం రాసిన నవలలు. సుజి ఈడు పిల్లలే వాటిలో దీవులకు వెళతారు, తప్పిపోయినవాళ్ళను వెతుకుతారు, స్నేహితులతో తగాదా పడి మళ్ళీ కలుస్తారు. మూడు వారాల కిందట ఒకే కట్టగా వచ్చాయి. రేపు ఉదయం విశాఖపట్నం నుంచి పాత పుస్తకాల వ్యాపారి వస్తున్నాడు. ఆ పదకొండూ ఇస్తే బదులుగా పదకొండు డిటెక్టివ్ నవలలు ఇస్తానని కబురు పెట్టాడు. నూకరత్నానికి ఎటూ తోచలేదు. అరుగు మీద నలుగురి మాటా విని తేల్చుకుందామనుకుంది.

తేలేది నూకరత్నం బీరువా సంగతి ఒక్కటే కాదు. సుజి తల్లి అప్పలనర్సమ్మ చర్చిలో ఆడవాళ్ళ కూటానికి పెద్ద. హత్యల పుస్తకం తన గడప దాటి లోపలికి రాకూడదని ఆమె కట్టడి. మిగతా అరలన్నీ అలాంటి నవలలే. ఈ పై అర ఖాళీ అయితే సుజి ఇంటికి పట్టుకెళ్ళదగ్గ పుస్తకం ఈ లైబ్రరీలో ఉండదు. ఆదివారం ఈ అరుగెక్కే పనీ ఉండదు. మూడు వారాల్లో మూడు పుస్తకాలు చదివింది. ఇంకా ఎనిమిది ఉన్నాయన్న తలపుతోనే వారమంతా గడిపేది.

ఆ అరుగుకు ఒక కట్టుబాటు ఉంది. నూకరత్నం దగ్గరికి వచ్చే కొత్త పుస్తకాలు చాలావాటికి అంచు కొట్టి ఉండదు. పెద్ద కాగితాన్ని మడిచి కుట్టేస్తారు కాబట్టి మడత దగ్గర పేజీలు రెండేసి కలిసే ఉంటాయి. మొదట చదివేవాళ్ళు బ్లేడుతో ఆ మడతలు విప్పుకుంటూ చదవాలి. అందుకోసం గుమ్మానికి పురికొసతో ఒక బ్లేడు కట్టి ఉంచింది. పుస్తకం విప్పి చదివినవాళ్ళే అరుగు మీద దాని గురించి మాట్లాడాలి. చదవనివాళ్ళు వినాలి గానీ బాగుందనీ, బాగులేదనీ అనకూడదు. చిన్న కట్టుబాటే. కానీ దాని మీదే ఆ అరుగు నిలబడింది. ఒకరి మాట నమ్మి ఇంకొకరు వారం రోజుల తీరికను ఒక పుస్తకానికి అప్పగిస్తారు. ఆ నమ్మకం పోతే మిగిలేది రెండు బీరువాల కాగితం.

"అన్నియ్యా, రేపు ఆ వేపారికి ఏటి సెప్పమంటావు?" అని నూకరత్నం వరదానాన్ని అడిగింది. "నువ్వు సదవని పుస్తకం లేదు గదా ఇక్కడ."

వరదానం బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర చీటీలు రాసే గుమస్తా. యాభై అయిదేళ్ళుంటాయి. సుజి ఆరో తరగతిలో ఉండగా ఆమె చేతికి మొదటి కథల పుస్తకం ఇచ్చింది ఆయనే. "ఇది సదువమ్మా, నీకు నచ్చుతాది," అన్నాడు. నచ్చింది. ఆ మేలు సుజి మరిచిపోలేదు. ఆయన పూర్వం నిజంగానే చదివేవాడు. ఏ సంవత్సరం నుంచి మానేశాడో ఎవరూ గమనించలేదు, ఎందుకంటే చదవడం మానాడు గానీ చెప్పడం మానలేదు.

"సెప్తాను చెల్లెమ్మా," అంటూ ఆయన స్తంభానికి జారబడ్డాడు. "ముందు నాను పుస్తకం ఎలగ సదువుతానో మీకు తెలవాలి. మొన్న తుని పెళ్ళికెళ్ళేను. సేతిలో 'గూడ్సు బండిలో గొడుగు' అని నవలుంది. మన స్టేషన్లో బండి కదిలింది, పుస్తకం తెరిసేను. కశింకోట రాకుండానే, పది పేజీలు తిప్పేనో లేదో, హంతకుడెవుడో తెలిసిపోనాది. ఎలగంటావా? గొడుగు తడిసింది, సెప్పులు తడవలేదు. అంతే."

"అది నానూ పట్టీసేను మామా," అన్నాడు తాతబ్బాయి.

"నువ్వు ఆఖరి పేజీలో పట్టేవు, నాను పదో పేజీలో పట్టేను. పక్కనున్న ముసలాయన అడిగేడు, ఏటి బాబూ నీలో నువ్వే నవ్వుకుంటన్నావని. పోనీలే అని మొదట్నించి కథ సెప్పేను. సెప్తంటే ఎదర బల్ల మీదోళ్ళు ఇటు తిరిగేరు, పక్క పెట్టెలోంచి జనం వచ్చీసేరు, పల్లీలమ్మేవాడు బుట్ట దించీసి కూకున్నాడు. ఇంతలో ఎలమంచిలి వచ్చింది. అప్పుడేటైందో తెలుసా? ఒక్కడు దిగలేదు. అక్కడ దిగాల్సిన పెళ్ళికూతురు కూడా దిగలేదు."

"పెళ్ళి తునిలో కదా మామా?"

"ఆ పెళ్ళి వేరు, ఈ పెళ్ళి వేరు. అడ్డు రాకు. జనం ఎందుకు దిగటం లేదో సూద్దారని గార్డు వచ్చేడు. ఆకుపచ్చ జెండా సేతిలోనే ఉంది. కిటికీ దగ్గర నిలబడి రెండు ముక్కలు విన్నాడు. ఇంకేటుంది, జెండా సంకలో పెట్టుకుని లోపలికొచ్చి కూకున్నాడు. జెండా ఊపేవాడు లేకపోతే బండెలగ కదులుతాది? పది నిమిషాలయ్యేక డ్రైవరు కూడా ఇంజను దిగి వచ్చీసేడు. నాను హంతకుడి పేరు సెప్పేదాకా ఎనకాల మెయిలు బండి, దానెనకాల రెండు గూడ్సులు, అలగే నిలబడిపోనాయి."

"అదేనేటి బావా," అన్నాడు పైడిరాజు నెమ్మదిగా. అతనిది ఎస్. రాయవరం దగ్గర పల్లె, చెరుకు రైతు. మార్కెట్టుకు బెల్లం తెచ్చినప్పుడల్లా నూకరత్నం దగ్గర ఒక పుస్తకం పట్టుకెళతాడు. "ఆ రోజు గేటు పడిపోయి మా బస్సు గంటసేపు ఆగిపోనాది. ఎందుకా అనుకున్నాను."

అందరూ నవ్వారు. వరదానం నవ్వలేదు. నిజమైన కోతలరాయుడు తన మాటకు తాను నవ్వడు.

"అది ఆరంబం. ఆ నవల రాసినాయనకి ఈ సంగతి తెలిసిపోనాది. గార్డు సెప్పుంటాడు. నాకు ఇన్‌లాండు కవరు రాసేడు. 'అయ్యా వరదానం గారూ, నా కొత్త నవల్లో హత్యయితే అయిపోనాది గానీ నలబై పేజీల్నించి శవం అలగే పడుంది, ఎవుడు సేసేడో రాస్తన్న నాకే తెలీటం లేదు, మీరే సెలవియ్యాలి' అని."

"మరి నువ్వేటి రాసేవు?" అని నూకరత్నం అడిగింది.

"రాయడానికేటుంది? కార్డు మీద పేరొక్కటి రాసి పడీసేను. పది రోజులకి ఇంకో ఇద్దరు రచయితలు రాసేరు. తర్వాత పోస్టుమేను సంచీ మొయ్యలేక సైకిలు కొనుక్కున్నాడు. ఇప్పుడు బజార్లోకి వస్తన్న డిటెక్టివ్ నవలల్లో సగం మంది హంతకులు నాను పెట్టినోళ్ళే. మిగతా సగం మంది నాను వొద్దన్నోళ్ళు."

సుజి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. కానీ నవ్వుతూనే పై అర వైపు చూసింది. వరదానం మామూలుగా కోతలు కోస్తే నష్టం లేదు, ఆదివారం పొద్దుపోతుంది. ఇవాళ ఆ మాట మీద ఒక అర వేలాడుతోంది.

"అదంతా సరే అన్నియ్యా," అంది నూకరత్నం. "ఈ పదకొండు పుస్తకాల మాట సెప్పు. సదివేవా?"

"సదవడమేటి, మొదటి అచ్చరం నించి ఆఖరి చుక్క దాకా నమిలీసేను. కట్ట వచ్చిన రోజు నువ్వు ఊళ్ళో లేవు. మీ ఆయన కట్ట కట్టలాగే నా సేతికిచ్చేడు. సాయంత్రానికి తెచ్చి బీరువాలో పెట్టీసేను."

"పదకొండూ ఒక్క రోజులోనే?" అంది సుజి.

"ఒక్క రోజే తల్లీ. ఎక్కడ సదివేనో తెలుసా? కొండకర్ల ఆవ మీద." ఆయన గొంతు తగ్గింది. అందరూ ముందుకు వంగారు. "తెల్లారగట్ల ఎల్లేను. ఆ చెరువంతా మంచు. నీళ్ళెక్కడో గట్టెక్కడో తెలీదు. రెండు తాటిదోనెలు కలిపి కడతారు సూడు, ఆ పడవెక్కేను. గెడ వేసేవాణ్ణి వొద్దన్నాను. పుస్తకం తెరిస్తే పడవ అదే పోతాది. ముందు నాతో ఎల్లిన డిటెక్టివ్ నవల తీసి పైకి సదవడం మొదలెట్టేను. సలికాలం మంచుదేశాల్నించి పిట్టలొస్తాయి గదా, అందులో ఒకటి వచ్చి పడవ అంచు మీద వాలింది. కూయలేదు, కదల్లేదు. దాని పక్కన ఇంకోటి. అలగ ఆవ మీదున్న పిట్టలన్నీ వరసలు కట్టి కూకున్నాయి. నాను పేజీ తిప్పితే అన్నీ ఒక్కసారే మెడ తిప్పేవి. ఆ రెక్కల గాలికి మంచు కొంచెం పక్కకి జరిగేది, మళ్ళీ వచ్చి మూసుకునేది."

ఎదురింటి మేడ మీద ఆరేసిన చీర ఒకటి గాలికి నెమ్మదిగా లేచి దిగింది.

"పొద్దెక్కితే కలువలు ముడుసుకోవాలా? ఆ రోజు ముడుసుకోలేదు. హంతకుడెవుడో తెలీకుండా అవెలగ ముడుసుకుంటాయి? నీటి కింద సేపలు నిలబడిపోనాయి. నీళ్ళు అద్దంలాగయిపోయి అందులో నా పుస్తకం తలకిందులుగా కనపడింది. కనపడింది కదా అని అదీ సదివీసేను. తలకిందులుగా సదివితే కథ మారిపోనాది. పైన హంతకుడైనోడు కిందన పుణ్యాత్ముడు. పైన సచ్చిపోయినామె కిందన నడిసెల్లిపోతంది, జడలో పువ్వెట్టుకుని. ఎటు ఎల్తందో సూద్దారని పడవ కూడా ఆమె ఎనకాలే పోయింది. ఎంత దూరం పోయిందో నాకు తెలీదు. ఎండ లేదు, నీడ లేదు, పేజీ తిప్పిన సప్పుడొక్కటే."

సుజి కళ్ళు మూసుకుంది. ఆమెకు ఆవ కనిపించింది. మంచులో పడవ, అంచు మీద వరసగా పిట్టలు, నీటిలో తలకిందులుగా కదులుతున్న అక్షరాలు. చదువుతున్నది వరదానం మావయ్య కాదు, తనే. ఒక్క నిమిషం ఆమె ఈ అరుగునూ, రేపటి వ్యాపారినీ మరిచిపోయింది. అబద్ధానికి ఆ బలం ఉంది. మార్కెట్టులో బెల్లం కొనేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. దిమ్మ మరీ బంగారంలా మెరిస్తే మురిసిపోకూడదు, రంగు కోసం మందు కలిపి ఉంటారు. అయినా చెయ్యి ముందు ఆ దిమ్మ మీదికే పోతుంది.

"అప్పుడు తీసేను, ఈ పిల్లల పుస్తకాలు," అన్నాడు వరదానం. గొంతు మామూలైంది. "మొదటిది మొదలెట్టేనో లేదో ఒక వరస పిట్టలు లేచిపోనాయి. రెండోదానికి ఇంకో వరస. అయిదోదానికి కలువలు ముడుసుకున్నాయి. పదకొండోది అయ్యేసరికి ఆవ మీద ఒక్క రెక్క లేదు. ఎల్లినవి ఎల్లినట్టే మంచుదేశం పోయి అక్కడ సెప్పీసేయట, అటు ఎల్లకండి, పిల్లల పుస్తకాలు సదువుతన్నారని. కొండకర్ల వాళ్ళు నన్ను ఇప్పటికీ తిడతన్నారు. అందుకనీసి చెల్లెమ్మా, వాటిలో ఏటీ లేదు. రేపు ఇచ్చీ. పదకొండు డిటెక్టివులు వస్తాయి, మనవాళ్ళందరికీ పనికొస్తాయి."

"ఇచ్చీ అక్కా," అన్నాడు తాతబ్బాయి. అతనికి పదకొండు కొత్త హంతకులు దొరుకుతారు మరి.

పైడిరాజు తటపటాయించాడు. "మా అమ్మాయి ధనశ్రీ తొమ్మిది సదువుతంది. దానికి పనికొచ్చేది ఏదైనా ఉంటాదేమోనని నాను అనుకున్నాను. పోన్లే, బావ అన్నీ సదివి సెప్తన్నప్పుడు ఏటంటాం?"

"అదే కదా," అంది నూకరత్నం నిట్టూర్చి. "సదివినోళ్ళు సెప్పేక ఇంకేటుంది. సుజీ, ఆ పదకొండూ దించమ్మా, తాడు కట్టి ఉంచుతాను."

మూడు చదివిన పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు. సుజి లేచింది. అరలోంచి నాలుగో పుస్తకం తీసింది. దాని పేరు 'నత్తగుల్ల దీవి పిల్లలు'. ఈ వారం పట్టుకెళ్ళాలనుకున్నది అదే. అలవాటుగా బొటనవేలితో అంచు తడిమింది. వేలు ఆగిపోయింది.

పేజీలు కలిసే ఉన్నాయి.

ఆమె అయిదోది తీసి తడిమింది. ఆరోది తీసింది. అలా పదకొండోదాని దాకా వెళ్ళింది. ఎనిమిది పుస్తకాల్లోనూ మొదటి మడత నుంచి ఆఖరి మడత దాకా ఒక్కటీ విప్పి లేదు. విప్పి ఉన్నవి మూడే. ఆ మూడింటినీ విప్పింది తనే. బ్లేడు కొంచెం పక్కకు పోయి రెండోదాంట్లో ఒక పేజీ చిరిగితే నూకరత్నం అత్త చేత తిట్లు కూడా తింది. ఆవ కథ వింటుంటే ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పుస్తకాలు చేతుల్లో పెట్టుకుని సుజి అలాగే నిలబడిపోయింది. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని తల్లి రోజూ చెప్పేది. పైగా ఈయన తన చేతికి మొదటి పుస్తకం ఇచ్చిన మనిషి. నలుగురిలో ఆయన పరువు తీయడానికి ఆమెకు నోరు రాలేదు. ఊరుకుంటే తాడు కట్టేస్తారు, రేపు ఉదయానికి బండెక్కిపోతాయి. పెద్దలకు ఎదురు చెప్పకూడదన్నది మంచి నీతే. కానీ పెద్దలు అబద్ధమాడకూడదన్నది అంతకంటే ముందు పుట్టిన నీతి. ఆ పిల్లకు ఇంత ఆలోచన ఉందో లేదో గానీ, ఆమె చేసిన పని సరైనదే.

నాలుగో పుస్తకం పట్టుకెళ్ళి వరదానం ముందు కూర్చుంది.

"మావయ్యా, కట్టేసేముందు నాకోసం ఇందులో ఒక్క పేజీ చదవరా? మళ్ళీ నాకు దొరకదు కదా. ఎక్కడైనా సరే. మీరు చదివితే వినాలనుంది."

"అదెంత పని," అంటూ వరదానం కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం అందుకున్నాడు. మధ్యలో తెరిచాడు. తెరుచుకున్న చోట ఒక పేజీ కనిపించింది. దాన్ని తిప్పబోతే పక్క పేజీ కూడా దాంతోపాటే వచ్చింది. ఇంకోచోట తెరిచాడు, అక్కడా అంతే. జేబులాంటి ఆ రెండు పేజీల మధ్య వేలు పెట్టి, ఒక కన్ను మూసి లోపలికి తొంగి చూశాడు. పుస్తకాన్ని నిలువుగా ఎత్తి కింద నుంచి చూశాడు. అరుగు మీద అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"మావయ్యా," అంది సుజి చాలా నెమ్మదిగా, "ఈ పేజీలు ఇంకా ఎవరూ విప్పలేదు."

తాతబ్బాయే ముందుగా అందుకున్నాడు. "ఏటి మామా, పిట్టలు ఎల్లిపోతూ పోతూ మళ్ళీ అంటించీసేయేటి?"

"ఆవ మీద తడుండదేటి," అన్నాడు వరదానం. "తడికి కాగితం అతుక్కుపోతాది. ఎండలో పెడితే..."

పైడిరాజు పుస్తకం తీసుకుని అంచు వెలుతురుకు పట్టాడు. అతను కొట్లాటకు వచ్చే మనిషి కాదు. "అతుక్కున్న కాగితం లాగితే ఊడి రావాల బావా. ఇది అతుకు కాదు, మడత. మా చెరుకాకు మడతెట్టినట్టుంది. దీన్ని బ్లేడెట్టి విప్పాల్సిందే. ఎవురూ విప్పలేదు."

నూకరత్నం లేచింది. మిగిలిన ఏడు పుస్తకాలూ ఒక్కొక్కటే తీసి చూసింది. ముఖంలో కోపం లేదు. మోసపోయినవాళ్ళ ముఖంలో మొదట కనిపించేది కోపం కాదు, సిగ్గు.

"నువ్వు సదివేవని, నీ మాట మీద ఈ అర ఖాళీ సేసీద్దును అన్నియ్యా," అంది. "నీ మాట మీద పదేళ్ళుగా జనానికి పుస్తకాలు ఇస్తన్నాను. వాటిలో ఎన్ని ఇలగున్నాయి?"

వరదానం కళ్ళజోడు తీసి మడిచాడు. ఎన్నో ఆయనకు తెలుసు.

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి పురికొస ముడి విప్పింది. బ్లేడు తెచ్చి ఆయన ముందు, టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఎనిమిదున్నాయి. వారానికొకటి. ఇక్కడే, ఈ అరుగు మీదే కూకుని విప్పి సదువు. ఎనిమిదీ అయ్యేదాకా ఏ పుస్తకం గురించీ ఇక్కడ నోరిప్పకు. కట్టుబాటు నాకూ నీకూ ఒకటే. వేపారికి లేదని సెప్పీస్తాను."

సుజి ఆయన ముఖం చూడలేక తల తిప్పుకుంది. గెలిచినట్టు అనిపించలేదు. అర నిలబడింది, అంతవరకే ఆమెకు కావలసింది.

వరదానం రాకుండా ఉండిపోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. తప్పు బయటపడిన వీధిని వదిలి ఇంకో వీధిలో కోతలు మొదలుపెడతారు. ఆయన మాత్రం మరుసటి ఆదివారం వచ్చాడు. స్తంభం దగ్గర కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని మొదటి మడత విప్పాడు. అంతవరకు ఆయనను మెచ్చుకోవాలి. మొదటి రెండు వారాలు ఆయన చదివింది పుస్తకం కాదు, తన అవమానాన్నే. అటువైపు ఎవరు నవ్వినా తన గురించే అనుకునేవాడు. మూడో వారం అలవాటు పడ్డాడు. అయిదో వారం ఒక వింత జరిగింది.

ఆ రోజు చదువుతున్న కథ చూపు తగ్గిపోతున్న లైట్‌హౌస్ కాపలాదారు గురించి, అతని మనవరాలి గురించి. ఆ ముసలాయన దీపం వెలిగిందో లేదో తనకు తెలియడం లేదని ఎవరికీ చెప్పడు. మనవరాలు కనిపెడుతుంది, చెప్పదు. రోజూ సాయంత్రం మెట్లెక్కి, తాత వెలిగించాక సరిచూసి దిగిపోతుంది. వరదానం మడత విప్పడం, చదవడం, మళ్ళీ విప్పడం. టీ తెచ్చి పెట్టినట్టు కూడా ఆయనకు తెలియలేదు. వీధిలో బెల్లం బళ్ళు పోయిన చప్పుడు దూరంగా సముద్రం హోరులా వినిపించింది. ఎండ ఒడిలోంచి జారి మోకాళ్ళ మీదికి, అక్కడి నుంచి గడప మీదికి పాకిపోయింది. సుజి రెండుసార్లు ఆయన వైపు చూసింది. పెదవులు కదులుతున్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చదివిన పేజీనే మళ్ళీ చదివాడు. ఎంతో కాలానికి ఆ మనిషి ఒక పుస్తకం లోపలికి వెళ్ళాడు. చెప్పుకోవడానికి అక్కడ కలువా లేదు, పిట్టా లేదు. ఒక మెట్ల వరస, ఒక దీపం, అంతే. అదే ఆయనను కట్టి పడేసింది.

ఏప్రిల్ మొదటి ఆదివారానికి ఎనిమిదీ పూర్తయ్యాయి. నూకరత్నం తన మాట ప్రకారం ఆయనకు నోరు తిరిగి ఇచ్చింది. ఆ రోజు పైడిరాజు వచ్చాడు. మార్కెట్టుకు ఆ ఏటి ఆఖరి బెల్లం తెచ్చిన రోజు. ధనశ్రీ పరీక్షలు అయిపోయాయని, దానికేదైనా పుస్తకం కావాలని అన్నాడు.

వరదానం లేచి పై అరలోంచి ఆ లైట్‌హౌస్ పుస్తకం తీశాడు. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు.

"ఇది పట్టుకెళ్ళు పైడిరాజూ. బాగుంటాది. నాను సదివేను."

అంతకుమించి ఒక్క మాట చేర్చలేదు. జన్మలో అంత చిన్న మాటతో ఆయన ఏ పుస్తకాన్నీ పొగడలేదు. అంత నిజమైన మాటా చెప్పలేదు.

పైడిరాజు పుస్తకం అందుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పేజీలు విప్పి ఉన్నాయో లేదో బొటనవేలితో తడిమాడు. విప్పే ఉన్నాయి. అయినా సంచీలో పెట్టుకోలేదు. వరదానం ఎదురుగానే, ఏ దురుద్దేశమూ లేకుండా, గుమ్మం పక్కన కూర్చున్న సుజి దగ్గరికి నడిచాడు.

"ఇది బాగుంటాదేటమ్మా?" అని అడిగాడు.

సుజి వరదానం వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

"బాగుంటుంది బాబాయ్, నేనూ చదివాను," అంది. "మావయ్య చెప్పింది నిజమే."

అప్పుడు గానీ పైడిరాజు పుస్తకాన్ని సంచీలో పెట్టుకోలేదు.

వరదానం ఆ అరుగు మీద ఇంకా చాలా ఏళ్ళు కూర్చున్నాడు. చదివిన పుస్తకం గురించే చెప్పాడు, చదవనిదానికి తెలీదన్నాడు. కానీ ఆయన ఏ పుస్తకం ఇచ్చినా, పుచ్చుకున్నవాళ్ళు ముందు సుజి వైపు తిరిగేవారు, ఆమె తల ఊపేదాకా ఆగేవారు. యాభై అయిదేళ్ళ మనిషి చెప్పే నిజానికి పదహారేళ్ళ పిల్ల జామీను ఉండవలసి వచ్చింది.